లంకెబిందెల కథ నిజమేనా? ఊరి గుప్తనిధి కథను పాత రికార్డులతో పరీక్షించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊళ్లో లంకెబిందెలు ఉన్నాయని తాతల కాలం నుంచి అంటున్నారు. నిజమో కాదో తవ్వకుండా తేల్చవచ్చా?

చాలావరకు తేల్చవచ్చు. గుప్తనిధి కథ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ఫలానా రాజు, ఫలానా యుద్ధం, ఇంత బంగారం, ఈ కొండ కింద, ఈ గుడి వెనక అని నాలుగైదు విషయాలు కలిపి చెబుతుంది. బంగారం కనిపించకపోయినా ఆ విషయాలకు కాగితం మీదో, రాతి మీదో జాడ ఉంటుంది. ఆ రాజు ఆ ఊరికి సంబంధించినవాడేనా? ఆ యుద్ధం ఆ దారిన వచ్చిందా? అంత సొమ్ము ఆయన దగ్గర ఉండే వీలుందా? పలుగు పట్టకముందే ఇవన్నీ అడగవచ్చు.

ఇందులో నాకు గట్టి నమ్మకం ఒకటుంది. నిధి కథను వట్టి అబద్ధమని కొట్టేసేవాళ్లూ, ఉన్నదున్నట్టు నమ్మేసేవాళ్లూ ఇద్దరూ ఊరి చరిత్రను పోగొట్టుకుంటున్నారు. కథలోని బంగారం తొంభై పాళ్లు దొరకదు. ఆ కథ ఎక్కడి నుంచి పుట్టిందో వెతికితే మాత్రం ఊరికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? నేరుగా ఆర్కైవ్స్‌కు వెళ్లాలా?

వద్దు. ముందు కథను రాసుకోండి. కనీసం అయిదారుగురి దగ్గర, విడివిడిగా. ఒకరి ముందు ఒకరిని అడిగితే అందరూ ఒకే కథ చెబుతారు. మీకు ఎవరు చెప్పారు, వాళ్లకు ఎవరు చెప్పారు, చిన్నప్పుడు విన్నారా, పెద్దయ్యాక విన్నారా, ఇవన్నీ నోట్ చేసుకోండి. బిందెల సంఖ్య, రాజు పేరు మనిషి మనిషికీ మారిపోతాయి. మారనివి చూడండి. సాధారణంగా చోటు మారదు. పేర్లూ అంకెలూ తర్వాత అతుక్కున్నవే ఎక్కువ.

తర్వాత కథను ముక్కలు చేయండి: ఎవరు దాచారు, ఎప్పుడు, ఎందుకు, ఎంత, ఎక్కడ. ఆరో ప్రశ్న కూడా వేసుకోండి, చాలామంది మరిచిపోయేది ఇదే: దాచిన సంగతి బయటికి ఎలా తెలిసింది? పని చేసిన కూలీలందరినీ రాజు చంపించాడని కథ చెబుతుంటే, చూసినవాడు మిగలలేదు కదా, మరి కథ ఎవరు చెప్పారు? కొన్ని కథలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

మా ఊరి గురించి పాతకాలంలో ఎవరైనా రాశారా?

మీ ఊరు కోస్తా, రాయలసీమల్లో ఉంటే రాసి ఉండే అవకాశం బాగానే ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ల కింది ఉద్యోగులు 1800 తర్వాతి సంవత్సరాల్లో ఊరూరా తిరిగి కరణాల చేత స్థానిక చరిత్రలు రాయించారు. అవే కైఫీయత్తులు. చాలాచోట్ల కరణాలు తమ దగ్గరున్న దండకవిలెలు (ఊరి పాత లెక్కలు, సంగతులు రాసిన పుస్తకాలు) చూసి చెప్పారు. ఊరికి పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఎంత మాన్యం ఉంది, ఏ కరువులో ఊరు పాడుపడింది, ఎవరి తర్వాత ఎవరి అమలు జరిగింది, అన్నీ ఉంటాయి. కడప జిల్లా కైఫీయత్తుల్లాగా కొన్ని అచ్చయ్యాయి కూడా.

ఒక జాగ్రత్త. కైఫీయత్తులో నిధి మాట కనిపించగానే రుజువు దొరికిందనుకోకండి. కరణాలు విన్న కథలను కూడా రాశారు. కాకతీయుల కథల్లోనూ, కొండవీటి రెడ్ల కథల్లోనూ పరుసవేది వస్తుంది, ఇనుమును బంగారం చేసే రాయి. అది రాసి ఉన్నంత మాత్రాన ఆ రాయి ఉన్నట్టు కాదు. కైఫీయత్తు మీకు చెప్పేది వేరు: ఈ కథ 1810 నాటికే ఊళ్లో ఉంది అని. అదీ చిన్న విషయం కాదు. ఊరంతా ఇప్పుడు చెప్పుకునే కథ కైఫీయత్తులో అసలు లేకపోతే, కరణం గుడినీ చెరువునీ వివరంగా చెప్పి దీన్ని మాత్రం వదిలేస్తే, కథ తర్వాత పుట్టిందని అనుమానించాలి. కరణం కావాలని దాచాడేమో అనవచ్చు. కంపెనీ మనుషుల ముందు నిధి మాట ఎత్తడానికి భయపడి ఉండవచ్చు, నిజమే. అందుకే ఒక్క రికార్డుతో తీర్పు చెప్పకూడదు.

కైఫీయత్తుల తర్వాత చూడాల్సినవి 1869–1886 మధ్య వచ్చిన జిల్లా మాన్యువళ్లు (విశాఖపట్నం, నెల్లూరు, కడప, గోదావరి, కృష్ణా, కర్నూలు), ఆ తర్వాతి గెజెటీర్లు. వీటిలో ఊళ్ల వివరాలు క్లుప్తంగా ఉన్నా కోటలు, జమీందారీల చరిత్ర బాగా దొరుకుతుంది. తెలంగాణ ఊళ్లకైతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ పెద్ద దిక్కు. మొఘలుల దక్కను పాలన నాటి ఫార్సీ కాగితాలు కూడా అక్కడ ఉన్నాయి. కోస్తా, సీమల కంపెనీ కాలపు జిల్లా రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

మా గుడి దగ్గరి శాసనంలో "నిధి నిక్షేప" అని స్పష్టంగా ఉంది. ఇంకేం రుజువు కావాలి?

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను.

పాత దానశాసనాల్లో, రాగిరేకుల్లో ఒక వరస ఉంటుంది: నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్య. వీటినే అష్టభోగాలు అంటారు. రాజు ఒక ఊరినో పొలాన్నో గుడికో బ్రాహ్మణుడికో దానం ఇచ్చేటప్పుడు, ఆ నేల మీద తనకున్న హక్కులన్నీ వదులుకుంటున్నానని ఈ వరసతో చెప్పేవాడు. నేలలో ఎప్పుడైనా పాతర దొరికితే అది నీదే. ఎవరైనా దాచి వదిలేసిన సొమ్ము నీదే. నీళ్లు నీవి, రాళ్లు నీవి. ఇప్పుడు పండుతున్నదీ, రేపు సాగులోకి వచ్చేదీ నీదే. అంతే. అక్కడ నిధి ఉందని చెప్పడం కాదు, ఉంటే ఎవరికి చెందుతుందో చెప్పడం. ఆ తర్వాతి కాలపు అమ్మకం దస్తావేజుల్లో కూడా "నిధి నిక్షేపాది అష్టభోగ స్వామ్యములతో" అని రాసేవాళ్లు. మీ తాతగారి పాత దస్తావేజు ఇంట్లో ఉంటే తీసి చూడండి, అందులోనూ ఉండవచ్చు. ఆ లెక్కన రాష్ట్రంలో సగం పొలాల్లో నిధులుండాలి.

కాబట్టి శాసనంలో ఒక్క మాట పట్టుకోకండి, మొత్తం చదివించండి. మీ ఊరి శాసనం ఇప్పటికే అచ్చయి ఉండవచ్చు. దక్షిణ భారత శాసన సంపుటాల్లో పదో సంపుటం పూర్తిగా తెలుగు శాసనాలదే. నాలుగు, అయిదు, ఆరు సంపుటాల్లోనూ తెలుగువి చాలా ఉన్నాయి. నెల్లూరు జిల్లావి 1905లోనే విడిగా వచ్చాయి. కొన్ని జిల్లాల శాసనాలను తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ ప్రచురించింది. ఊరి పేరుతో వెతికితే దొరుకుతాయి.

రాయి మీద సూర్యుడు, చంద్రుడు, పాము, గాడిద బొమ్మలున్నాయి. అవి నిధి గుర్తులంటున్నారు.

సూర్యచంద్రులు "ఆచంద్రార్కం" అనే మాటకు బొమ్మ. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం నిలవాలని. గాడిద బొమ్మ, దానాన్ని చెరిపినవాడికి పెట్టిన శాపం. శంఖచక్రాలో, వామనమూర్తో, లింగమో, నందో ఉన్న రాళ్లు చాలాచోట్ల గుడి మాన్యానికి పొలిమేర రాళ్లు. పాములున్నవి నాగప్రతిమలు, సంతానం కోసం మొక్కుకుని నిలబెట్టినవి. కత్తి పట్టిన మనిషి ఉంటే అది వీరగల్లు. పశువుల కోసమో ఊరి కోసమో పోరాడి చనిపోయినవాడి గుర్తు.

ఈ రాళ్లను పగలగొడుతున్నారు. నందుల కడుపులు చీల్చారు, శివలింగాలను పెకిలించారు. ఒక మనిషి ఊరి కోసం ప్రాణమిచ్చాడని చెప్పే ఏకైక ఆధారాన్ని, దాని కింద ఏదో ఉందని ముక్కలు చేయడం చూస్తే కడుపు మండుతుంది.

రికార్డుల్లో తేదీలు అర్థం కావడం లేదు. ఎలా లెక్కపెట్టాలి?

శక సంవత్సరానికి 78 కలపండి, ఫసలీకి (రెవెన్యూ లెక్కల సంవత్సరం) 590 కలపండి, క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890–91. సంవత్సరం పేరు మాత్రమే ఉంటే జాగ్రత్త. అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది. గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన డొక్కల కరువు నందన సంవత్సరంలో వచ్చింది, అంటే 1832–33. కానీ 1892–93 కూడా నందనే, 1952–53 కూడా నందనే. "నందనలో దాచారట" అని ముసలాయన చెబితే, ఏ నందనో తేల్చడానికి ఆయన తాత వయసు అడగాలి.

కథలో చెప్పే బంగారం అంత ఉండే వీలుందా?

దీన్ని తూకం వేసి చూడండి. వరహా అనే పాత బంగారు నాణెం బరువు సుమారు 3.4 గ్రాములు. లక్ష వరహాలంటే 340 కిలోలు. కోటి వరహాలంటే 34 టన్నులు. బండికి అర టన్ను చొప్పున వేసుకున్నా దాదాపు 70 ఎడ్లబళ్లు కావాలి. రాత్రికి రాత్రి, ఎవరి కంటా పడకుండా, కొండ మీదికి! జమీందారు దాచాడని కథ అయితే ఆ జమీందారీ పేష్కషు (ప్రభుత్వానికి ఏటా కట్టే సొమ్ము) ఎంతో చూడండి. 1802 నుంచి శాశ్వత సెటిల్‌మెంటు కింద ఆ మొత్తాలు రాతలో ఉన్నాయి. ఏటా పేష్కషు కట్టలేక బకాయిపడి, వేలానికి వచ్చిన జమీందారు కోటి వరహాలు పూడ్చిపెట్టాడంటే ఎలా నమ్మడం?

అంకెలు ఎలా ఉబ్బుతాయో చూడాలంటే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చరిత్ర చూడండి. 1846లో ఆయన మనుషులు కోయిలకుంట్ల ఖజానాను పట్టుకున్నారు. ఖజానా అనగానే మన ఊహ పెట్టెల్లోకి పోతుంది. తీసుకెళ్లినట్టు లెక్కకెక్కిన మొత్తం ఎనిమిది వందల అయిదు రూపాయల చిల్లర. ఆయన గొప్పదనం ఆ సొమ్ములో లేదు, తిరగబడటంలో ఉంది. రికార్డు ఆ సంగతిని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

లెక్క వేయకపోతే ప్రభుత్వాలు కూడా పొరబడతాయి. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేడాలో ఒక సాధువుకు కల వచ్చిందని, వెయ్యి టన్నుల బంగారం ఉందని భారత పురావస్తు శాఖ తవ్వింది. ఆ నాటికి రిజర్వు బ్యాంకు దగ్గరున్న బంగారమే 557 టన్నుల పైచిలుకు. 1857లో పోరాడి ఉరికంబమెక్కిన ఒక స్థానిక రాజు దగ్గర దానికి దాదాపు రెట్టింపు ఉంటుందా? బంగారం దొరకలేదు.

యుద్ధంలో రాజుగారు పారిపోతూ దాచిపెట్టారంటారు. అది సహజమే కదా?

సహజంగానే వినిపిస్తుంది. కానీ పారిపోయేవాడికి సొమ్ము వెంట కావాలి, లేకపోతే మళ్లీ సైన్యం ఎక్కడి నుంచి వస్తుంది? 1565లో రాక్షసతంగడి యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు విజయనగరం ఖజానాను అయిదు వందలకు పైగా ఏనుగుల మీద ఎక్కించుకుని వెళ్లాడని పోర్చుగీసు రచనలు చెబుతాయి. ఆ తర్వాత రాజధాని పెనుకొండ. కాబట్టి దారిలోని ప్రతి కొండకూ "రాయలవారి నిధి" ఉండనక్కర్లేదు. "ఓడిపోయి కృష్ణదేవరాయలు దాచాడు" అని కథ ఉంటే మరీ సులభం: ఆయన 1529లోనే కన్నుమూశాడు.

నన్ను అడిగితే నిజంగా దాచుకున్నది మామూలు జనం. 1816 మార్చిలో పిండారీలు (గుర్రాల మీద తిరిగే దోపిడీ ముఠాలు) గుంటూరు మీద, ఆ చుట్టుపక్కల జిల్లాల మీద పడ్డారు. కంపెనీ జరిపించిన విచారణలో 339 గ్రామాలు దోపిడీకి గురయ్యాయని, 182 మంది చనిపోయారని, 3,603 మందిని చిత్రహింసలు పెట్టారని తేలింది. ఆ హింసలెందుకు? సొమ్ము ఎక్కడ దాచారో చెప్పమని. అంటే జనం దాచారు, దోచుకునేవాళ్లకూ అది తెలుసు. నాలుగు కాసులపేరులు, రెండు కడియాలు, కొన్ని వరహాలు చెంబులో పెట్టి దొడ్లో పాతి, చెప్పకుండానే ప్రాణాలు వదిలిన ఆడవాళ్లూ మగవాళ్లూ ఎందరుంటారో. మీ ఊరి కథలో రాజును తీసేసి కోమటి సెట్టినో, కాపు ఇల్లాలినో పెట్టి చూడండి. చాలాసార్లు అప్పుడు కథ అతుకుతుంది.

పొలం రికార్డులు దీనికి పనికొస్తాయా?

బాగా. కథ ఏ చోటును చెబుతుందో ఆ సర్వే నంబరు పట్టుకోండి. ఎఫ్‌ఎమ్‌బి (పొలం కొలతల పుస్తకం), గ్రామ నక్షా, ఆర్‌ఎస్‌ఆర్ (సెటిల్‌మెంటు నాటి భూమి రిజిస్టరు) చూస్తే అది పాత కోట దిబ్బా, గ్రామకంఠమా (ఊరి ఇళ్ల స్థలం), గుడి మాన్యమా తెలుస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ తయారుచేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అద్భుతమైన ఆధారం. మాన్యం మొదట ఎవరిచ్చారు, ఎప్పుడు, ఎందుకు అన్నవి ఉంటాయి. తెలంగాణలో సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954–55 నాటి ఖాస్రా పహణీ (భూమి ఎవరిదో, ఎవరు సాగుచేశారో రాసిన లెక్క) చూడండి. ఊరు పాతచోటు నుంచి కొత్తచోటుకు మారినట్టు తేలితే "పాటిమీద" (పాత ఊరి దిబ్బ మీద) నిధి కథకు కారణం అక్కడే దొరుకుతుంది. పాత ఇళ్ల పునాదులు, కుండపెంకులు, ఒకటో రెండో నాణేలు వానకు బయటపడి ఉంటాయి.

ఇదివరకే ఎవరికైనా దొరికిందేమో ఎలా తెలుసుకోవాలి?

1878 నాటి నిధుల చట్టం ప్రకారం దొరికిన నిధి గురించి కలెక్టరు ప్రకటన ఇవ్వాలి, హక్కుదారులను పిలవాలి. కాబట్టి పాత గెజెట్లలో, కలెక్టరేటు ఫైళ్లలో జాడ ఉంటుంది. ఆ చట్టం కింద వచ్చిన నాణేలు మద్రాసు మ్యూజియానికీ, హైదరాబాద్ మ్యూజియానికీ చేరాయి. వాటి నాణేల జాబితాల్లో ఊరి పేరు వెతకండి.

అసలు నిజంగా నిధులు దొరికిన ఊళ్లు లేవా?

ఎందుకు లేవు? నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. కరీంనగర్ ప్రాంతంలోని పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన నాణేలు వేలల్లో బయటపడ్డాయి. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో నేల చదును చేస్తుంటే బంగారు, వెండి ఆభరణాలున్న బిందె కనిపించింది.

గమనించండి, పెంబర్తి బిందె నేల చదునులో అనుకోకుండా తగిలింది. పెద్దబంకూరువి పద్ధతిగా జరిగిన పురావస్తు తవ్వకాల్లో వచ్చాయి. కథ పట్టుకుని వెళ్లి తవ్వినచోట మాత్రం వేరు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారికంగానే తవ్వారు. ఇటుకలు, ఎముకలు వచ్చాయి, బంగారం రాలేదు. అదే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరికి వజ్రాలు నిజంగానే దొరుకుతాయి. రాయలవారు పూడ్చినవని కొందరంటారు. కానీ దగ్గర్లోని వజ్రకరూరు ప్రాంతంలో వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ శిలలున్నాయి. అక్కడ దాచింది భూమే.

దిబ్బల సంగతి ఇంకోటి. భట్టిప్రోలు దిబ్బను 1892లో తవ్వితే బ్రాహ్మీ లిపిలో రాతలున్న ధాతు పేటికలు (బౌద్ధ అవశేషాలు దాచిన పెట్టెలు) బయటపడ్డాయి. అమరావతి దీపాలదిన్నె (బౌద్ధ స్తూపం) రాళ్లూ ఇటుకలూ కట్టడాలకు తరలిపోతున్న రోజుల్లో మెకంజీ చూశాడు కాబట్టి మనకు ఆ స్తూపం సంగతి తెలిసింది. మీ ఊరి దిబ్బ కింద ఏముందో ఎవరికి తెలుసు?

ఏ రికార్డులోనూ ఏమీ దొరకలేదు. కథ అబద్ధమనేనా?

అలా అనలేం. ఊరి ఇల్లాలు చెంబు పాతితే కలెక్టరు రాయడు. కానీ రాజుగారి ఖజానా మాయమైతే శత్రువు రాస్తాడు, కంపెనీ రాస్తుంది, వాటా రాని దాయాదులు అర్జీలు పెడతారు. కథ ఎంత పెద్దదైతే రికార్డుల మౌనం అంత బరువైన సాక్ష్యం.

అంజనం వేసి చూస్తామంటున్నారు. మెటల్ డిటెక్టర్‌తో మేమే తవ్వుకోవచ్చా?

వద్దు. అంజనం, పూజల పేరుతో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి, మూగజీవాలను, చివరికి మనుషులను బలిచ్చిన కేసులూ ఉన్నాయి. కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్లలోపు నిషిద్ధ ప్రాంతం. ఆ కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు.

చట్టం సంగతి పక్కనపెట్టినా, తవ్వితే ఆధారం పోతుంది. నాణెం ఏ పొరలో, ఏ కుండలో, దేని పక్కన ఉందన్నదే దాని కాలం చెబుతుంది. గుంతలోంచి లాగేశాక అది ఒట్టి లోహం.

పునాది తీస్తుంటే నిజంగానే ఏదో తగిలింది. ఇప్పుడు?

పని ఆపండి, కదపకండి, ఫొటోలు తీయండి. విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు. చెప్పకుండా దాచుకుంటే ఏడాది వరకు జైలు. చెప్పినవాళ్లకు చట్టం అన్యాయం చేయదు. హక్కుదారులు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవాళ్లకు నాలుగింట మూడొంతులు, నేల యజమానికి మిగిలిన ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోవాలనుకుంటే ఆ లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇస్తుంది.

కథ నిలబడలేదని తేలింది. ఊళ్లో పెద్దవాళ్లకు ఎలా చెప్పను? బాధపడతారేమో.

"మీ కథ అబద్ధం తాతా" అని మొదలుపెట్టకండి. మీకు దొరికిన కైఫీయత్తో, శాసనమో తీసుకెళ్లి రచ్చబండ దగ్గర గట్టిగా చదవండి. అందులో వాళ్లకు తెలిసిన చెరువు పేరుంటుంది, వాళ్ల పొలం పక్క వాగు పేరుంటుంది, ఒక్కోసారి వాళ్ల ఇంటిపేరే ఉంటుంది. చదువుతుండగానే ఎవరో ఒకరు అడ్డం వచ్చి, "ఆ గుండం ఇక్కడ కాదయ్యా, తూర్పున ఉండేది, పూడిపోయింది" అంటారు. పెన్ను దగ్గర పెట్టుకోండి.